తొమ్మిదిలో బడి మానేది, మూడులో మొదలైంది

"వాడికి చదువు మీద ఇష్టం లేదండి." హైదరాబాద్ పాతబస్తీలో తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసిన ఏ పిల్లవాడి గురించి అడిగినా ముందు వచ్చే జవాబు ఇదే. తల్లి ఇదే అంటుంది, సారు ఇదే అంటాడు, వాణ్ని పనిలో పెట్టుకున్న సేటు ఇదే అంటాడు. చివరికి పిల్లవాడు కూడా తల వంచుకుని అదే ఒప్పుకుంటాడు. ఇంతమంది ఒకే మాట మీద నిలబడటం మన దగ్గర అరుదు. కారణం కష్టమైనదేమీ కాదు, ఆ మాటతో అందరికీ పూచీ తప్పుతుంది. సారు ఇంకోసారి చెప్పనక్కర్లేదు, తండ్రి బడికి వెళ్లి అడగనక్కర్లేదు, విద్యాశాఖ లెక్క చూపనక్కర్లేదు. ఇది పాతబస్తీకే పరిమితమైన మాట కూడా కాదు. 2019-21 మధ్య జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, బడి మానేసిన మగపిల్లల విషయంలో 35 శాతానికి పైగా ఇళ్లు చెప్పిన ముఖ్య కారణం చదువు మీద ఆసక్తి లేకపోవడమే. ఆడపిల్లల విషయంలో అది 21 శాతం. ఈ అధ్యాయంలో నేను వాదించేది ఒక్కటే: ఇష్టం లేకపోవడాన్ని కారణంగా రాసుకున్నంతకాలం మనం తప్పు చోట వెతుకుతుంటాం. ముందు అర్థం కావడం ఆగిపోతుంది, ఆ తరువాత ఇష్టం పోతుంది, బడి పోయేది ఆఖరున. మొదటిదానికీ చివరిదానికీ మధ్య ఐదారేళ్లు గడుస్తాయి కాబట్టి ఎవరి చేతిలో ఏం జారిపోయిందో ఎవరికీ కనిపించదు.

ఆ ఐదారేళ్లలో జరిగేది చూద్దాం. ఒకటి, రెండు తరగతుల్లో పిల్లలు చదవడం నేర్చుకుంటారు. మూడో తరగతి నుంచి చదివి నేర్చుకోవాలి. పరిసరాల విజ్ఞానం పాఠం, లెక్కల్లో వాక్యంగా ఇచ్చే సమస్య, అన్నీ చదవడం వచ్చేసిందన్న నమ్మకం మీదే తయారవుతాయి. అప్పటికి అక్షరాలు కూడబలుక్కుంటున్న పిల్లకు ఆ రోజు నుంచి ప్రతి పీరియడూ మూసిన తలుపే. అయినా ఆ పిల్ల ఏడవదు, అల్లరి చేయదు. బోర్డు మీదిది నోట్సులోకి దించుకోవడం నేర్చుకుంటుంది. ఆ పని బాగా వచ్చేస్తుంది కూడా. నోట్సు ముత్యాల్లాంటి అక్షరాలతో నిండుతుంది, పేజీ కింద ఎర్ర టిక్కు పడుతుంది, ఇంట్లో చూసి సంతోషిస్తారు. ఆరో తరగతికి వచ్చేసరికి సబ్జెక్టులు పెరుగుతాయి, ఎనిమిదిలో భౌతికశాస్త్రం, జీవశాస్త్రం విడిపోతాయి. అంతవరకూ నెట్టుకొచ్చిన బడికి తొమ్మిదిలో హఠాత్తుగా గుర్తొస్తుంది, వచ్చే ఏడు బోర్డు పరీక్ష అని. ఆరేళ్లుగా కనబడని లోపం అప్పుడు ఒక్క వారంలో బయటపడుతుంది. కొన్ని ప్రైవేటు బడులు ఆ సమయంలోనే తండ్రిని పిలిచి టీసీ తీసుకుపొమ్మని మెల్లగా నచ్చజెబుతాయి, పాస్ శాతం కాపాడుకోవాలి కదా. మానేసిన తేదీ తొమ్మిదో తరగతి రిజిస్టర్‌లో ఉంటుంది. వెనకబడిన తేదీ ఏ రిజిస్టర్‌లోనూ ఉండదు.

ఆసక్తి అనేది పుట్టుకతో వచ్చే గుణమైతే బడిలో లేని ఆసక్తి బయట కూడా ఉండకూడదు. పాతబస్తీ గల్లీల్లో మగ్గం వర్క్ జరిగే గదిని ఒకసారి గమనించండి. చెక్క చట్రానికి గుడ్డ బిగించి కట్టి ఉంటుంది, చుట్టూ నేల మీద కూర్చుని పనివాళ్లు కుడుతుంటారు. కొత్తగా చేరినవాడికి ఉస్తాద్ మొదటిరోజే నెమలి కుట్టమని ఇవ్వడు. గుడ్డ బిగించడం, దారం అందించడం, ఆరీ సూదిని పైకి తీయడం, తరువాత తిన్నగా ఒక గీత. ఆ గొలుసుకుట్టు ఎలాంటిదంటే ఒకచోట తప్పి దారం లాగితే వరసంతా ఊడి వచ్చేస్తుంది. తప్పు జరిగిన నిమిషంలోనే కుట్టినవాడికీ తెలుస్తుంది, ఉస్తాద్‌కీ తెలుస్తుంది. అక్కడ తేలాక గానీ తరువాతి గీత లేదు. బడిలో పది నిమిషాలు కుదురుగా కూర్చోడని పేరు పడ్డ కుర్రాడు ఇక్కడ గంటలు గంటలు తల ఎత్తడు. వాడి ఏకాగ్రతకు ఏ లోటూ లేదు. వాడు ఎంతవరకు వచ్చాడో చూసి అక్కడినుంచి నేర్పారు, తప్పును అప్పుడే చెప్పారు, అంతే తేడా. బడిలో ఈ రెండూ జరగలేదు. పొరబడకండి, నేను పనిని పొగడటం లేదు. పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడం చట్టప్రకారం నేరం. 2015 జనవరిలో భవానీనగర్ ప్రాంతంలో పోలీసులు గాజుల తయారీ గదుల్లోంచి రెండువందల మందికి పైగా పిల్లల్ని విడిపించినప్పుడు ఆ గదుల్లో ఏముందో రాష్ట్రమంతా చూసింది. ఆ పిల్లల్లో ఎక్కువమంది బీహార్ నుంచి తెచ్చినవాళ్లు, వాళ్ల కథ వేరు. ఇక్కడ చెప్పదలచుకున్నది ఒకటే, నేర్పే పద్ధతి కుదిరినచోట మన పిల్లలకు ఆసక్తి కొరత లేదు.

ముందు ఆగేది అర్థం కావడమేనన్నది ఊహ కాదనడానికి గట్టి ఆధారాలున్నాయి. ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్, ఆయన సహచరులు ఢిల్లీలో పేద కుటుంబాల నుంచి వచ్చే ప్రభుత్వ పాఠశాలల విద్యార్థుల్ని పరీక్షించినప్పుడు, ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారని తేలింది. పై తరగతులకు వెళ్లినకొద్దీ ఆ దూరం పెరిగింది. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. ఒకే గదిలో ఒకే పాఠం వింటున్న పిల్లల మధ్య ఐదారు తరగతుల తేడా కనబడింది. నలభైమంది ముందు నిలబడి పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెప్పే సారు ముందు బెంచీల్లోని కొద్దిమందితోనే మాట్లాడుతున్నాడన్నమాట. మిగతావాళ్లు రోజుకు ఐదారు గంటలు తమకు తెలియని భాషలో జరిగే సభకు హాజరైనట్టు కూర్చుంటారు. గ్రామాల్లో 14-18 ఏళ్ల వాళ్లపై జరిగిన 2023 నాటి అసర్ అనే చదువు స్థాయి సర్వేలో కూడా నాలుగోవంతు మంది రెండో తరగతి స్థాయి పేరాను సొంత భాషలో తడబడకుండా చదవలేకపోయారు. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవాళ్లు సగంలోపే. అది గ్రామాల లెక్క, పాతబస్తీకి అంకె మారవచ్చు. అయితే పిల్లలు జారిపోయే దారి మాత్రం ఇదే.

దీనికి మొదటి అభ్యంతరం మధ్యతరగతి నోటి నుంచి వస్తుంది. పాతబస్తీ తల్లిదండ్రులకు చదువు విలువ తెలియదు, వాళ్లే పట్టించుకోరు, బడిని అని ఏం లాభం అంటారు. ఈ మాటను ఇక్కడి లెక్కలే కొట్టిపారేశాయి. బ్రిటిష్ పరిశోధకుడు జేమ్స్ టూలీ, ఆయన బృందం 2000 దశకం మొదట్లో బండ్లగూడ, బహదూర్‌పుర, చార్మినార్ మండలాల్లో గల్లీ గల్లీ తిరిగి బడులు లెక్కపెట్టారు. 918 తేలాయి. అందులో సర్కారువి మూడోవంతుకు కాస్త పైన మాత్రమే. మిగతావాటిలో ఎక్కువ భాగం కూలీలు, ఆటో నడిపేవాళ్లు, తోపుడుబండివాళ్లు కట్టే ఫీజుల మీద నడిచేవి. వాటిలో గుర్తింపు లేనివే మొత్తంలో ఐదోవంతుకు మించి ఉన్నాయి. ఉచితంగా చెప్పే బడి పక్కనే ఉండగా జేబులోంచి డబ్బు తీసి కడుతున్న తల్లిదండ్రుల్ని పట్టించుకోనివాళ్లు అనడం అన్యాయం. మదర్సాల వల్లనే ముస్లిం పిల్లలు బడికి దూరమవుతున్నారన్న మాట కూడా ఇలాంటిదే. బడి ఈడు ముస్లిం పిల్లల్లో మదర్సాలకు వెళ్లేది మూడు శాతమేనని ముస్లింల స్థితిగతుల మీద వేసిన సచార్ కమిటీ 2006లోనే తేల్చింది. అదే నివేదిక 6-14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో నాలుగోవంతు మంది అసలు బడికి వెళ్లలేదనో, వెళ్లి మానేశారనో చెప్పింది. చర్చ జరగాల్సింది దాని మీద.

అయితే టూలీ తీసిన ముగింపుతో నాకు పూర్తిగా పొసగదు. ప్రైవేటు బడి పిల్లలు పరీక్షల్లో ముందున్నారు కాబట్టి దారి అదేనన్నది ఆయన వాదన. ప్రైవేటుకు వెళ్లే పిల్లల ఇళ్లే మొదటినుంచీ కాస్త మెరుగ్గా ఉంటే? ఆ అనుమానం తీర్చడానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఐదు జిల్లాల్లోని 180 గ్రామాల్లో లాటరీ తీసి కొందరు పిల్లలకు ప్రైవేటు బడి ఫీజు కట్టారు. నాలుగేళ్ల తరువాత చూస్తే తెలుగులో, లెక్కల్లో వాళ్లకూ సర్కారు బడి పిల్లలకూ తేడా లేదు. హిందీలో మాత్రం ముందున్నారు. ప్రైవేటు బడి అదే ఫలితాన్ని చాలా తక్కువ ఖర్చుతో తెచ్చిందన్నది నిజమే, కానీ తెచ్చింది అదే ఫలితం. తండ్రికి బయటికి కనబడేవి టై, బెల్టు, ఇంగ్లీషులో 'మే ఐ కమిన్'. లోపల అర్థమవుతున్నదా లేదా అన్నది కనబడదు. కనబడనిదానికి ఎవరూ గిరాకీ పెట్టలేరు. అందుకే చిన్న ప్రైవేటు బడి తండ్రి కొనగలిగినదాన్నే తయారుచేస్తుంది: నిండు నోట్సు, ఎనభై అయిదు మార్కుల ప్రోగ్రెస్ కార్డు. ఆ మార్కులు ముందురోజు చెప్పిన అయిదు ప్రశ్నల మీద వచ్చినవని ఆయనకు ఎవరు చెబుతారు? బడులకూ ట్యూషన్లకూ కొదవలేని హైదరాబాద్ జిల్లా 2019 పదో తరగతి ఫలితాల్లో 83 శాతంతో రాష్ట్రంలో చివరన నిలిచింది. ఆ ఏడు రాష్ట్ర సగటు 92 దాటింది.

భాష సంగతి ఇక్కడే మాట్లాడుకోవాలి. తలాబ్‌కట్టలో పిల్ల ఇంట్లో దక్కనీ మాట్లాడుతుంది, బడిలో ఇంగ్లీషులో పాఠం వింటుంది, 2018 చట్టం ప్రకారం తెలుగు తప్పనిసరిగా చదవాలి, అరబ్బీ ఖురాన్ పాఠం వేరే. లాల్‌దర్వాజాలో తెలుగింటి పిల్ల పరిస్థితి కొంచెం నయం, అక్కడా సైన్సు ఇంగ్లీషులోనే. ఈ ఊరే 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయాన్ని ఉర్దూ మాధ్యమంలో మొదలుపెట్టి పై చదువులన్నీ ఆ భాషలో చెప్పించింది. ఇప్పుడు మూడో తరగతి పిల్లకు మొక్క ఆహారం ఎలా చేసుకుంటుందో ఇంటి భాషలో చెప్పడానికి మనకు సిగ్గు. ఇంగ్లీషు వద్దని నేను అనను. తల్లిదండ్రులు దాన్ని కోరడంలో తెలివితక్కువ ఏమీ లేదు, ఉద్యోగం ఎటుందో వాళ్లకు తెలుసు. సాధ్యమైనంతవరకు మాతృభాషలోనే చెప్పాలని విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ అంటున్నా, ప్రభుత్వమే 2022 నుంచి ఇంగ్లీషు మీడియం వైపు వెళ్లింది. రెండు భాషల్లో అచ్చయిన పుస్తకాలు ఇచ్చింది. ఆ మేరకు మంచిదే. పాఠ్యపుస్తకం ఏ భాషలో ఉన్నా, అర్థమైందా అని అడిగే ప్రశ్న మాత్రం ఇంటి భాషలో ఉండాలి. ఇంగ్లీషులో అడిగితే బట్టీ పట్టిన వాక్యం వస్తుంది. దక్కనీలోనో తెలుగులోనో అడిగితే అసలు సంగతి బయటికొస్తుంది.

సెల్‌ఫోన్ మీద నింద వేయడం ఇప్పటి ఆనవాయితీ. ఫోన్ మంచిదని ఎవరూ అనరు గానీ, కాలం లెక్క చూస్తే ఈ వాదన నిలవదు. ఉత్తరాది రాష్ట్రాల్లో తిరిగి 1999లో ప్రోబ్ అనే నివేదిక రాసినవాళ్లు, తాము వెళ్లిన సమయానికి దాదాపు సగం బడుల్లో బోధనే జరగడం లేదని చెప్పారు. అప్పటికి పిల్లల చేతుల్లో స్మార్ట్‌ఫోన్లు లేవు. క్లాసులో అర్థం కాక విసిగిన పిల్లకు ఫోన్ దొరికిన తోవ, అంతకుముందు కిటికీ ఉండేది. ఫోన్ లాక్కుంటే ఫోన్ పోతుంది, మూడో తరగతి వాచకం రాదు.

పేదరికం అన్న అభ్యంతరం ఇంత తేలికైనది కాదు. అద్దె ఇల్లు, తండ్రి రోజుకూలీ, ఇంట్లో ఒకరికి జబ్బు చేస్తే పెద్దకొడుకు సంపాదించక తప్పని ఇళ్లు ఇక్కడ ఎన్నో. డిగ్రీ చదివిన పక్కింటి అన్న బైకు మీద పార్శిళ్లు పంచుతుంటే, "చదివి ఏం జేస్తడు సార్, పనిల వడితె నాలుగు పైసలొస్తయి" అన్న మాటను కొట్టిపారేయలేం. ఉద్యోగాల్లో వివక్ష ఉందన్న భావన చదువు మీద ఆశను తగ్గిస్తోందని సచార్ కమిటీ కూడా రాసింది. కాబట్టి డబ్బు కారణం కాదని నేను అనడం లేదు. కానీ ఒకే గల్లీలో, ఒకే అద్దె ఇళ్లలో, ఒక ఇంటి పిల్లవాడు మానేసి పక్కింటి పిల్లవాడు ఇంటర్‌కు వెళ్తున్నాడే, అది ఎలా? చాలా ఇళ్లలో తండ్రి లెక్క వేసేది ఇలా: చదువు వచ్చే పిల్లకోసం అప్పు చేస్తాడు, రాదనుకున్న పిల్లవాణ్ని పనిలో పెడతాడు. పేదరికం కత్తి పట్టుకుని ఉంటుంది నిజమే, ఎవరి మీద పడాలో చూపేది మాత్రం తరగతి గదే. చదవడం వచ్చిన పిల్లవాణ్ని బడి మాన్పించడం ఎంత పేద తండ్రికైనా కష్టం.

"కొందరికి చదువు అబ్బదు" అన్నది ఆఖరి కోట. దీన్ని కూల్చింది మన రాష్ట్రమే. మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో పశువులు కాసే, పొలం పని చేసే పిల్లల్ని పని మాన్పించి బ్రిడ్జి క్యాంపుల్లో పెట్టింది. పదీ పన్నెండేళ్ల వయసులో బడి మెట్టు ఎక్కనివాళ్లకు అక్షరం దగ్గర మొదలుపెట్టి, కొద్ది నెలల్లో ఈడు పిల్లల తరగతిలో కూర్చోబెట్టగలిగింది. ఆ పనికి నాయకత్వం వహించిన శాంతా సిన్హా 2003లో మెగసెసే అవార్డు అందుకున్నారు. అబ్బదనుకున్న పిల్లలకు వేలకొద్దీ అబ్బిందంటే, వయసును బట్టి కాక వచ్చినదాన్ని బట్టి చెప్పడమే కారణం. ప్రథమ్ సంస్థ దేశమంతటా చేసింది, ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో పరీక్షించి చూపిందీ అదే: రోజులో ఒక గంట తరగతుల గోడలు తీసేసి, చదవగలిగే స్థాయిని బట్టి పిల్లల్ని గుంపులు చేసి నేర్పితే వెనకబడినవాళ్లు అందుకుంటారు. విద్యాహక్కు చట్టంలో 4వ సెక్షన్ మధ్యలో చేరే పిల్లకు ప్రత్యేక శిక్షణ హక్కుగా ఇచ్చింది. తెలంగాణ ప్రభుత్వం 2022లో ప్రాథమిక తరగతులకు మొదలుపెట్టిన తొలిమెట్టు కార్యక్రమం వెనక ఉన్న ఆలోచన కూడా ఇదే.

ఆడపిల్లల గురించి ఒక్క మాట. మొదట చెప్పిన కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆసక్తి లేదన్న జవాబు వాళ్ల విషయంలో తక్కువ రావడం ఊరికే కాదు. వాళ్లు బడి మానడం చాలాసార్లు ఇంటిపని, చిన్నపిల్లల్ని చూసుకోవడం, బడి దూరం, పెళ్లి సంబంధం వల్ల. ఆడపిల్ల విషయంలో "దానికే ఇష్టం లేదు" అని పెద్దవాళ్లు అంటే, ఆ పిల్లను ఒంటరిగా ఇంకోసారి అడగండి.

మరి బాధ్యత ఎవరిది? అందరిదీ అంటే ఎవరిదీ కాకుండా పోతుంది. నేను పెట్టుకున్న కొలత ఇది: ముందు చూడగలిగినవాడిదీ, చూశాక ఏదైనా చేయగలిగినవాడిదీ మొదటి బాధ్యత. ఆ లెక్కన ఏడేళ్ల పిల్ల చదవలేకపోవడాన్ని మొదట చూసేది టీచరు. కాబట్టి మొదటి వాటా ఆమెది. కానీ ఆమెకు డిసెంబరుకల్లా సిలబస్ పూర్తిచేయమని చెప్పి, పిల్లలకు ఏం వచ్చిందని ఏనాడూ అడగని హెడ్మాస్టరుదీ, యజమానిదీ, శాఖదీ అంతకన్నా పెద్ద వాటా. ఏ పిల్లనూ ఫెయిల్ చేయకూడదన్న నియమం, విద్యాహక్కు చట్టానికి 2019లో చేసిన సవరణకు ముందు, తరువాత కూడా, ఎంతో తిట్లు తిన్నది. ఫెయిల్ చేస్తే ఆ పిల్ల అదే పాఠాన్ని అదే పద్ధతిలో మరో ఏడాది వింటుంది. తప్పు పై తరగతికి పంపడంలో లేదు, ఏమీ నేర్పకుండా పంపడంలో ఉంది. ఇక తల్లిదండ్రుల వాటా చిన్నదే గానీ లేకపోలేదు. ప్రతి ఏడూ బడి మార్చే ఇళ్లున్నాయి, బాకీ ఎగ్గొట్టడానికి కొందరు, ఇంకా పెద్ద బోర్డు చూసి కొందరు. ఏ టీచరుకూ ఆ పిల్ల గురించి తెలుసుకునే వ్యవధి ఉండదు. పిల్లవాడి వాటా అన్నిటికన్నా చివరిది, అదీ పద్నాలుగు దాటాకే.

ఇప్పుడు చేయాల్సిన పని. మీ ఇంట్లో నాలుగో తరగతి పిల్లవాడున్నాడనుకుందాం. వాడి పుస్తకం వద్దు, రెండో తరగతి వాచకం పక్కింటినుంచైనా తెప్పించండి. మధ్యలో ఏదో పేజీ తెరిచి, మూడో లైను నుంచి చదవమనండి. మొదటినుంచి చదివితే బట్టీ కావచ్చు, నడిమధ్య నుంచి బట్టీ రాదు. మీకు చదువు రాకపోయినా ఫర్వాలేదు, వాడి కళ్లను చూడండి. పేజీ మీద ఉన్నాయా, గోడ మీద ఉన్నాయా? గొంతు ఒక్కో అక్షరం దగ్గర ఆగుతున్నదా? చదివాక పుస్తకం మూసి, ఏముందో ఇంటి భాషలో చెప్పమనండి. తరువాత 52 లోంచి 17 తీసేయమనండి, కూరగాయల బండి దగ్గర అడిగినట్టుగానే. ఇదంతా పది నిమిషాల పని. చేయలేకపోతే దయచేసి చెయ్యి ఎత్తకండి, పక్కింటి పిల్లతో పోల్చకండి. వాడికి ఇన్నాళ్లూ దాచుకున్న రహస్యం ఒకటుంది, అది తిట్లకు భయపడే లోపలికి పోయింది. మర్నాడు బడికి ప్రోగ్రెస్ కార్డు కాక ఆ రెండో తరగతి వాచకం పట్టుకుని వెళ్లండి. "మావాడు ఎలా చదువుతున్నాడు మేడమ్" అంటే "బాగానే" అన్న జవాబు వస్తుంది. "ఏ తరగతి పుస్తకం సొంతంగా చదవగలడు" అని అడగండి. జవాబు రాకపోతే, ఆ జవాబు కోసం వారం తరువాత వస్తానని చెప్పి రండి. మళ్లీ వెళ్లండి. ట్యూషన్‌కు డబ్బు కడుతుంటే అక్కడా ఇదే చెప్పండి: హోంవర్కు చేయించడం ఆపి, కింది తరగతి పుస్తకం చదివించమనండి. గల్లీ ట్యూషన్లలో చాలావరకు జరిగేది బడి దించుడుకు ఇంకో దించుడు.

టీచర్లు ఇది చదువుతుంటే మీ అభ్యంతరం నాకు తెలుసు. నలభైమంది, సిలబస్, ఎన్నికల డ్యూటీ, ఆన్‌లైన్ ఎంట్రీలు, ప్రైవేటులో అయితే చాలీచాలని జీతం. అన్నీ నిజం. కానీ ఒక్కొక్కరిని మూడు నిమిషాలు చదివించి వింటే నలభైమందికి నూట ఇరవై నిమిషాలు, అంటే మూడు పీరియడ్లు. జూన్‌లో మొదటి వారంలో ఈ మూడు పీరియడ్లు ఖర్చుపెడితే ఏడాదంతా ఎవరికి చెబుతున్నారో మీకు తెలుస్తుంది. వెనకబడిన పదిమంది పేర్లు విడిగా రాసుకుని, రోజులో ఒక పీరియడ్ వాళ్లకు కింది పుస్తకం తెరవండి. సిలబస్ ఎక్కడ పూర్తవుతుందని అడుగుతారు. ఇప్పుడు పూర్తవుతున్నది బోర్డు మీద, పిల్లల్లో కాదు. పై అధికారి అడిగితే తొలిమెట్టు పేరు చెప్పండి, ఉత్తర్వు మీ పక్షానే ఉంది. ఇంకొకటి, కొట్టడాన్నీ అవమానించడాన్నీ విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. 'మొద్దు' అన్న పిలుపు ఆ లెక్కలోకే వస్తుంది. ఆ పిలుపు విన్న పిల్లవాడు మీ క్లాసులో ఇంకోసారి సందేహం అడగడు.

ఇప్పటికే మానేసిన పదిహేనేళ్లవాడి సంగతి వేరు. వాణ్ని బలవంతంగా అదే బెంచీ మీదికి పంపితే నెలలో తిరిగి వస్తాడు. ముందు వాడితో పోట్లాట లేకుండా కూర్చుని, ఎక్కడినుంచి అర్థం కావడం ఆగిందో వాడి నోటే చెప్పించండి. చాలామంది ఖచ్చితంగా చెబుతారు, భిన్నాలనో, ఇంగ్లీషు పేరా అనో. అక్కడినుంచి నేర్పేవాళ్లు దొరికితే తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ ద్వారా పదో తరగతి రాయవచ్చు. పద్నాలుగు నిండితే చాలు. ఓపెన్ స్కూల్ ఫీజు కట్టి పరీక్ష హాలు బయటినుంచి అందే చీటీల మీద ఆశ పెట్టుకునే దారి కూడా ఉందని మీకు ఎవరో చెబుతారు. ఆ దారిలో సర్టిఫికెట్ వస్తుందేమో, చదవడం రాదు. పని చేసుకుంటూనే రోజుకు గంట కింది పుస్తకాలతో మొదలుపెట్టినవాడు ఆలస్యంగా వచ్చినా నిలబడతాడు.

పదిహేనేళ్లవాణ్ని వెనక్కి తేవడానికి ఏడాదీ రెండేళ్లూ పడుతుంది. ఎనిమిదేళ్లపిల్లకు కొన్ని నెలలు చాలు. కాబట్టి ఈ పుస్తకంలో తరువాతి అధ్యాయానికి వెళ్లకముందు, మీ ఇంట్లో గానీ మీ మెట్ల కింద అద్దెకున్న ఇంట్లో గానీ రెండుకూ ఐదుకూ మధ్య తరగతుల్లో చదివే పిల్ల ఉంటే పిలవండి. కింది తరగతి వాచకం తెప్పించండి, మధ్య పేజీ తెరవండి, మూడో లైను నుంచి చదివించండి.